అమ్మ పంపిన ఆవకాయ కొలరాడో వెళ్ళిపోయింది

పొద్దున లేవగానే ట్రాకింగ్ చూశాను. నా పార్సెల్ డెన్వర్‌లో ఉంది. నేనుండేది ఇల్లినాయ్‌లోని అరోరాలో, చికాగో పక్కన, మనవాళ్ళందరూ వచ్చే బాలాజీ గుడి ఉన్న ఊళ్ళో. అమ్మ పెట్టిన ఆవకాయ, గోంగూర, కందిపొడి మాత్రం డెన్వర్ పక్కనే, కొలరాడోలో ఉన్న ఇంకో అరోరా దారి పట్టాయి. రెండు ఊళ్ళకీ మధ్య దాదాపు వెయ్యి మైళ్ళు. అమ్మ కాగితం మీద 605తో మొదలయ్యే జిప్ కోడ్, అంటే ఇక్కడి పిన్‌కోడ్, శుభ్రంగా రాసిచ్చింది. మా తాడేపల్లిగూడెంలో కొరియర్ షాపు కుర్రాడు అరోరా అని కొట్టి, మొదట కనిపించిన ఊరు నొక్కేశాడు. నంబరు కుదరట్లేదని దాన్ని కూడా 800కి మార్చేశాడు. అమ్మ వెళ్ళి అడిగితే "రెండూళ్ళకీ ఒకటే పేరుంటే నేనేం చెయ్యనండీ" అన్నాడట.

ఆ అబ్బాయి మీద కోపం పది నిమిషాల్లో పోయింది. ఈ దేశంలో ఊళ్ళకి పేర్లు పెట్టినవాళ్ళ మీద మాత్రం ఇంకా మండుతూనే ఉంది.

ఇక్కడ ఉంటున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఎవరైనా కొలంబస్‌లో ఉన్నానంటే ఒహాయోనా, జార్జియానా, ఇండియానానా అని అడగాలి. ఇక స్ప్రింగ్‌ఫీల్డ్‌లకి లెక్కే లేదు. మసాచుసెట్స్, మిస్సౌరి, ఒహాయో, ఆరెగన్, చివరికి మా ఇల్లినాయ్ రాజధాని కూడా స్ప్రింగ్‌ఫీల్డే. నార్త్ కరోలినాలో ఫయెట్‌విల్ అని పెట్టారు. దాన్ని చూసి టెనెసీలో పెట్టారు. టెనెసీ నుంచి వెళ్ళినవాళ్ళు ఆర్కన్సాలో పెట్టారు. అసలు ఆ పేరు లఫాయెట్ అనే ఫ్రెంచి సైనికాధికారిది. ఆరెగన్‌లోని పోర్ట్‌లాండ్ కథ వింటే ఇంకా ఒళ్ళు మండుతుంది. 1845లో ఇద్దరు భూమి యజమానులు, ఒకాయన మసాచుసెట్స్ మనిషి, ఇంకొకాయన మెయిన్ రాష్ట్రం నుంచి వచ్చినవాడు. తమ తమ రాష్ట్రాల్లోని ఊళ్ళ పేర్లలో బోస్టన్ అని పెట్టాలా, పోర్ట్‌లాండ్ అని పెట్టాలా అని పైసా ఎగరేసి తేల్చుకున్నారు. ఆ నది ఒడ్డున అంతకుముందు తరతరాలుగా బతికినవాళ్ళు దాన్ని ఏమని పిలిచేవాళ్ళో అడగాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

ఇల్లు వదిలి వచ్చినవాళ్ళకి సొంతూరు పేరు మీద బెంగ ఉంటుంది. అది నాకు తెలుసు, నేనూ అలా వచ్చినదాన్నే. కానీ వాళ్ళు వచ్చింది పేరు లేని నేలకి కాదు. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ 1636లో మొదలైనప్పుడు దాన్ని అక్కడి ఆదివాసుల మాటతోనే అగావం అనేవాళ్ళు. కొన్నేళ్ళకి, ఆ ఊరిని స్థాపించిన పించన్ అనే పెద్దమనిషి ఇంగ్లండ్‌లో తానొచ్చిన ఊరి పేరు తెచ్చి పెట్టారు. అగావం అన్న పేరు ఇప్పుడు పక్క ఊరికి మిగిలింది. అంతకు ముందు ఇంకా ఘోరం జరిగింది. జాన్ స్మిత్ అనే ఇంగ్లీషు నావికుడు ఆ తీరమంతా తిరిగి మ్యాపు గీసి ఇంగ్లండ్ యువరాజు చార్లెస్ ముందు పెడితే, ఆ పదిహేనేళ్ళ కుర్రాడు అక్కడి పేర్లు కొట్టేసి ఇంగ్లండ్ పేర్లు రాశాడు. నదికి తన పేరే పెట్టుకున్నాడు. 1616లో ఆ మ్యాపు అచ్చయింది. అతను జీవితంలో ఒక్కసారి కూడా అమెరికాలో కాలు పెట్టలేదు. చార్లెస్ నది ఇవాళ్టికీ బోస్టన్ పక్కనుంచి పారుతూనే ఉంది.

మా అరోరా సంగతి చూడండి. ఇక్కడ పొటావటోమి అనే ఆదివాసీ జనం ఉండేవాళ్ళు. వాళ్ళ నాయకుడి పేరు వాబోన్సీ. ఆ మాటకి పొద్దుపొడుపు అని అర్థం చెబుతారు. 1837లో పోస్టాఫీసు వచ్చినప్పుడు ఈ ఊరు అరోరా అయింది. అదీ రోమన్ల ఉషోదయ దేవత పేరే. అర్థం అదే అయినప్పుడు ఇక్కడి మాట ఎందుకు పనికిరాలేదు? వాబోన్సీ అని పెట్టి ఉంటే కొలరాడోలో రెండోది ఉండేదే కాదు. ఆ కొలరాడో ఊరు మొదట ఫ్లెచర్. 1907లో దాన్ని అరోరాగా మార్చారు. అప్పటికే ఇక్కడ ఒకటి ఉంది.

మన దగ్గర లేవా అంటారు, నాకు తెలుసు. ఉన్నాయి. చింతపల్లి అల్లూరి జిల్లాలో ఉంది, నల్గొండ జిల్లాలోనూ ఉంది. ఒకరిని చూసి ఒకరు పెట్టుకున్నవని నేననుకోను. రెండు చోట్లా చింతచెట్లు ఉండబట్టే ఆ పేరు పుట్టి ఉంటుంది.

అసలు నన్ను పొడిచేది ఇది కూడా కాదు. మా టీమ్ లీడ్‌ది మసాచుసెట్స్. ఆ మాట అక్కడి ఆదివాసుల భాషలోది. ఆవిడ దాన్ని తడబడకుండా పలుకుతుంది. మిల్వాకీ పలుకుతుంది, కనెక్టికట్ పలుకుతుంది. మాది తాడేపల్లిగూడెం అని చెప్పిన రోజు "ఇంత పొడుగు పేరా, షార్ట్‌గా ఏమీ లేదా" అని నవ్వింది. ఉంది, మేం గూడెం అంటాం. అది మా ఇంట్లో మాట, మా బస్సుల్లో మాట. మీకోసం కత్తిరించింది కాదు. నా పేరు వెంకట సుబ్బలక్ష్మి, మా నాయనమ్మ పేరు. ఎనిమిదేళ్ళుగా ఆఫీసులో నేను "వెన్"ని. మొదటిరోజు ఆవిడ అలా పిలిచినప్పుడు కొత్త ఉద్యోగం, వీసా టెన్షన్, కాదనలేకపోయాను. ఆ తర్వాత అందరికీ అదే అలవాటైపోయింది. ఫోన్లో మా నాన్న ఒకసారి విని "వెన్ ఎవరమ్మా?" అని అడిగారు.

అమ్మ ఆ డబ్బా మీద నా పేరు పూర్తిగా రాసింది. ఇందాక ఆఫీసు మెయిల్లో, మీటింగుల్లో నా పేరు మార్చాను, వెంకట సుబ్బలక్ష్మి అని. సోమవారం ఆవిడ అడిగితే పలకడం నేర్పిస్తాను, ఎన్నిసార్లయినా. పార్సెల్ ఇంకా డెన్వర్‌లోనే ఉంది.