రెండు ఎండాకాలాలు గడిచాక మళ్ళీ పిలవండి

2014లో అనంతపురంలో మా ఇంటి గృహప్రవేశానికి నాలుగు వందల మంది దాకా వచ్చారు. పాలు పొంగించడం, వ్రతం, భోజనాలు అయ్యాక కూడా ఎవరూ వెంటనే బయల్దేరలేదు. గదిగదీ తిరిగారు. గోడల మీద చెయ్యి పెట్టి చూశారు. వంటింటి గట్టు బండ ఎక్కడ కొన్నారు, అడుగుకు ఎంత పడింది, మేస్త్రీ ఎవరు, ఆయన నంబరుందా అని అడిగారు. హాలుకు పడమటి వైపు గోడకు బదులు నేల నుంచి పైకప్పు దాకా పెట్టించిన అద్దం దగ్గర నిలబడి ఫొటోలు దిగారు. నార్త్ కరోలినాలో మేముండే ఇంట్లో అలాంటి అద్దం ఉంది. అదే కావాలని పట్టుబట్టి చేయించింది నేనే. తర్వాతి రెండేళ్ళలో మా బంధువుల్లో ముగ్గురు అలాంటిదే పెట్టించుకున్నారు.

ఆ హాలులో మే నెల మధ్యాహ్నం మూడింటికి కూర్చోవడం ఎవరి వల్లా కాదు. ఈ సంగతి నాకు నాలుగేళ్ళ దాకా తెలియలేదు. మేం ఎప్పుడూ డిసెంబరు సెలవుల్లోనే పోయేవాళ్ళం, అప్పుడు అనంతపురంలో ఏ ఇల్లయినా చల్లగానే ఉంటుంది. 2018లో నాన్నకు ఒంట్లో బాగలేక మేలో వెళ్ళాను. అమ్మ మంచం పెరట్లో వేపచెట్టు కింద ఉంది. రాత్రి కూడా అక్కడే పడుకుంది. పగలంతా ఎండ పీల్చుకున్న స్లాబు రాత్రికి ఆ వేడిని గదిలోకి వదులుతుంది, ఫ్యాను దాన్నే తిప్పి తిప్పి కొడుతుంది. ఏసీ వేసుకోమంటే బిల్లు గురించి టెన్షన్. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే, "మీరు అంత దుడ్డు పెట్టి కట్టిస్తే, బాగలేదని యెట్ల చెప్పేదిమ్మా?" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. ఇంట్లో ఎవరూ కాపురం మొదలుపెట్టక ముందే నాలుగు వందల మందికి ఇల్లు చూపించాం. ఇల్లు ఎలాంటిదో తెలిశాక ఒక్కరినీ పిలవలేదు. మా అద్దం చూసి అద్దం పెట్టించుకున్న ముగ్గురికీ అమ్మ వేపచెట్టు కింద పడుకుంటోందని తెలిసే దారే లేకపోయింది.

అందుకే నేను అడిగేది ఇది. ఊళ్ళో ఇల్లు కట్టించిన ప్రతి ఒక్కరూ రెండు ఎండాకాలాలు గడిచాక జనాన్ని ఇంకోసారి పిలవండి. కరెంటు బిల్లులు, ట్యాంకరు నీళ్ళకు పెట్టిన ఖర్చు, బాగున్నది, బాగలేనిది అన్నీ దగ్గర పెట్టుకుని పిలవండి.

ఇది నాకు కొత్తగా తట్టిన ఆలోచన కాదు. ఇక్కడ అమెరికన్ సోలార్ ఎనర్జీ సొసైటీ ఏటా నేషనల్ సోలార్ టూర్ నడుపుతుంది. ఇంటి మీద సోలార్ పెట్టుకున్నవాళ్ళు, కరెంటు తక్కువ ఖర్చయ్యేలా ఇల్లు మార్చుకున్నవాళ్ళు ఆ రోజుల్లో ముక్కూ మొహం తెలియనివాళ్ళను కూడా లోపలికి పిలిచి చూపిస్తారు. ఆస్ట్రేలియాలో 2001 నుంచి సస్టెయినబుల్ హౌస్ డే జరుగుతోంది. బ్రిటన్‌లో గ్రీన్ ఓపెన్ హోమ్స్ పేరుతో ఊరూరా ఇలాంటివి నడిచాయి. కొన్నేళ్ళ కింద ఇక్కడ మా వీధి చివర రిటైరైన టీచరు దంపతులు అలా ఇల్లు తెరిస్తే మేమూ వెళ్ళాం. పన్నెండు నెలల కరెంటు బిల్లులు ఫ్రిజ్ తలుపుకు అంటించి పెట్టారు. ఇన్వర్టరును ఎండ తగిలే గోడకు బిగించి తప్పు చేశామని, మీరు నీడలో పెట్టించుకోండని ఆయన మొదటే చెప్పాడు. అంతకు ముందు మా ఆయన మూడు సోలార్ కంపెనీల మాటలు విని ఎవరినీ నమ్మలేక ఊరుకున్నాడు. ఆ ఇంటి నుంచి వచ్చిన వారంలోనే పని మొదలుపెట్టాడు. ఆ పెద్దాయన మాకు ఏమీ అమ్మడం లేదు. తప్పు కూడా చెప్పాడు. నమ్మకం అక్కడ కుదిరింది.

అయితే ఆ ఇళ్ళలో చూపించేదాన్ని మన సీమకు మోసుకుపోతే లాభం లేదు. వాళ్ళలో ఎక్కువమంది బాధ చలి. గోడల మధ్య దూది లాంటిది నింపడం, కిటికీలకు రెండు పొరల అద్దాలు, బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చే హీట్ పంపులు, ఇవన్నీ ఇల్లు వెచ్చగా ఉండటానికే ఎక్కువ. మన బాధ ఎండ, నీళ్ళ కొరత. అనంతపురంలో ఏడాదికి పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో మనది ఒకటి. అద్దం విషయంలో నేను చేసిన పొరపాటు అదే, మనకన్నా చల్లటి చోటి ఇంటి ముక్కను తెచ్చి ఎండదేశంలో అతికించాను.

మా జేజి (నాయనమ్మ) ఉన్న మట్టిమిద్దె ఇల్లు నాకు బాగా గుర్తుంది. రెండడుగుల మందం రాతి గోడలు, దూలాల మీద అడ్డంగా పరిచిన దంతెలు, వాటి మీద బండలు, ఆ పైన మన్ను, అన్నిటికన్నా పైన చవుడు మట్టి. వానలు రాకముందే ప్రతి ఏడాదీ మిద్దె మీద కొత్త చవుడు పోసేవాళ్ళు. తడిస్తే చవుడు మెత్తుకుపోయి నీళ్ళు దిగనివ్వదు. మిద్దె నడుమ గవాచి ఉండేది. అందులోంచి వెలుతురు దిగేది, వేడిగాలి పైకి పోయేది, వానొస్తే దాని మీద బండ కప్పేవాళ్ళు. ఎండ అంత మందం మట్టిని దాటి కిందికి వచ్చేలోగా పొద్దు గూకేది. స్నానాలు చేసే, గిన్నెలు కడిగే జాలాడి నీళ్ళు పారి పెరట్లో అరటిచెట్లకు పోయేవి. తేళ్ళు వచ్చేవి, చెద పట్టేది, చవుడు మొయ్యలేక ఆడవాళ్ళ నడుములు పడిపోయేవి, అవీ నాకు తెలుసు. అందరూ మళ్ళీ మట్టిమిద్దెలు కట్టుకోవాలని నేను అనను. ఆ ఇంట్లో ఏది ఎందుకు పెట్టారో తెలిసినవాళ్ళు ఇంకా బతికి ఉన్నారు, వాళ్ళు ఉండగానే వినాలి.

విన్నవాళ్ళలో మా పెద్దనాన్న కొడుకు ఒకడు. కళ్యాణదుర్గం రోడ్డులో అన్న కట్టుకున్న ఇంటికి ఇప్పటికే పిలవకుండా జనం వస్తుంటారు. పడమటి వైపు కిటికీలు చిన్నవి, అటు పక్క వరసగా కానుగ చెట్లు. సాయంత్రపు ఎండ వాలుగా వస్తుంది కాబట్టి చూరు దాన్ని ఆపలేదు, చెట్టే ఆపాలి. నాపబండలు లోపల నేలకు మాత్రమే వేశాడు. నల్లటి బండ మిద్దె మీద పరిస్తే పెనంలా కాలుతుందని మేస్త్రీయే వద్దన్నాడట. మిద్దె మీద తెల్ల సున్నం. ఏప్రిల్ వచ్చేసరికి మళ్ళీ ఒక పూత. తెలుపు ఎండను వెనక్కి కొడుతుందని మనకు ఎప్పుడో తెలుసు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇలాంటి చల్లటి పైకప్పుల కోసం ప్రత్యేకంగా విధానమే తెచ్చింది.

మిద్దె మీద పడే వాననీళ్ళను తొట్టిలో పట్టుకునే సంగతి వదిన చెప్తే వినాలి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద, 550 మిల్లీమీటర్ల ఏడాదిలో, సుమారు 50 వేల లీటర్లు పడతాయి. మొదటి వానకు మిద్దె కడిగిన మురికినీళ్ళు, ఆవిరైపోయేవి తీసేస్తే 40 వేలు దక్కుతాయి. నలుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు రోజుకు 40 లీటర్లనుకున్నా ఏడాదికి 14,600 లీటర్లు చాలు. "స్నానాలకు, బట్టలకు కూడా ఇవే అనుకుంటే రెండున్నర నెల్లకు అయిపోతాయి. ముందే ఆ మాట చెప్తా, లేకుంటే రేపు నన్ను తిట్టుకుంటారు" అంటుంది వదిన. మొదటి ఏడాది తొట్టికి మూత సరిగా పెట్టక దోమలు పెరిగాయని, నీళ్ళన్నీ పారబోయాల్సి వచ్చిందని కూడా దాచకుండా చెప్తుంది.

ఇంకుడు గుంతలు మనకు కొత్త కాదు. 2000లో వాననీళ్ళు నిలుపుకోవడానికి ప్రభుత్వం నీరు-మీరు కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఊరూరా తవ్వారు. 2002లో నీళ్ళు, నేల, చెట్లను కాపాడడానికి వాల్టా చట్టం వచ్చింది. అయినా ఎన్ని ఇళ్ళలో గుంత ఇప్పుడు పనిచేస్తోంది? రాళ్ళు, కంకర, ఇసుక వరసగా పేర్చిన గుంతలో ఏటా పైన సన్నటి ఒండ్రు పొర కడుతుంది. వానలకు ముందు ఆ ఇసుక తీసి కడగకపోతే నీళ్ళు దిగవు. తవ్వమని చెప్పినవాళ్ళు చాలామంది, ఇసుక కడిగి చూపించినవాళ్ళు తక్కువ. అది కాగితంలో చదివితే మనసుకు పట్టదు. ఒకసారి పక్కింటివాళ్ళు తీస్తుంటే చూస్తే చాలు.

సోలార్ కూడా అంతే. రామగిరి కొండల మీద గాలిమరలు ఎప్పటినుంచో తిరుగుతున్నాయి. కర్నూలు దగ్గర ఓర్వకల్లు వైపు 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి నడుస్తోంది. దేశానికి కరెంటిచ్చే ఎండ మనది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటి మీద 3 కిలోవాట్లు పెట్టుకుంటే 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. అయినా మా అమ్మ వీధిలో అడిగితే, "అది వానాకాలం పనిచేస్తుందా? కోతులు పగలగొడితే ఎవరు దిక్కు?" అంటారు. న్యాయమైన ప్రశ్నలే. వాటికి జవాబు పెట్టించుకున్న ఇంట్లోనే దొరుకుతుంది. అన్న ఇంటి మీద మూడు కిలోవాట్లు రోజుకు పన్నెండు యూనిట్ల దాకా ఇస్తాయి, మబ్బు పట్టిన రోజు బాగా తగ్గుతాయి. మన దుమ్ముకు పది, పదిహేను రోజులకొకసారి తుడవకపోతే ఇంకా పడిపోతాయి. పొద్దున్నే, పలకలు చల్లగా ఉన్నప్పుడు తుడవాలి. ఈ చివరి మాట వాళ్ళకు అమ్మినవాళ్ళు చెప్పలేదు.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు తవ్వించాడు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని. శాసనంలో రాజుగారి పొగడ్తలు ఉండటం మామూలే. నాకు ముఖ్యం వేరే. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలు అందులో చెక్కించారు, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు కూడా చెక్కించారు. కట్ట కారడం, చౌడు నేల, నీళ్ళు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఇలాంటివి. ఆ తర్వాత చెరువు తవ్వే ఎవడైనా వచ్చి చదువుకోవచ్చు. ఇల్లు తెరిచి చూపించమని నేను అడుగుతున్నది అదే సంప్రదాయంలో. సాధనాలతో పాటు దోషాలూ చూపించాలి.

అడ్డంకులు లేవని అనను. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని మనవాళ్ళకు దిష్టి భయం. గృహప్రవేశానికి గుమ్మడికాయ కట్టి నాలుగు వందల మందిని పిలిచినప్పుడు లేని భయం ఇప్పుడెందుకని అడుగుతాను. దొంగల భయం నిజమైనదే, దానికి ముందుగా పేర్లు రాయించుకుని పదేసి మందిని పంపితే సరిపోతుంది, పడగ్గదులు తెరవక్కర్లేదు. నాకు ఎక్కువ బెంగ ఇంకో రెంటి గురించి. ఒకటి, వచ్చినవాళ్ళందరికీ కాఫీలు, టిఫిన్లు అంటూ భారమంతా ఆ ఇంటి ఆడవాళ్ళ మీద పడటం. కుండ నీళ్ళు, మజ్జిగ చాలు, అవి కూడా వచ్చినవాళ్ళే పోసుకోవాలి. వదిన మాట్లాడాలి, వంటింట్లో ఉండిపోకూడదు.

రెండోది చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. మా జేజి ఇంట్లో అందరూ పడసాల దాటి లోపలికి వచ్చేవాళ్ళు కాదు. ఎవరు ఎక్కడిదాకా రావాలో కులం చెప్పేది. తలుపులు తెరుస్తామని చెప్పి మనవాళ్ళకే తెరిస్తే ఆ పాత గడపనే మళ్ళీ నిలబెట్టినట్టు. ఆ ఇల్లు కట్టిన కూలీలు, ఇంట్లో గిన్నెలు తోమే ఆమె, ఎన్టీఆర్ కాలనీలో ఒక గది ఇంట్లో ఉండే కుటుంబం, వీళ్ళు వంటింటి దాకా వచ్చి చూడాలి. రేకు కప్పు కింద ఉండేవాళ్ళకు తెల్ల సున్నం పూత అవసరం మనకన్నా ఎక్కువ, ఖర్చూ తక్కువ. అద్దె ఇళ్ళవాళ్ళవి కూడా చూపించాలి. కూరగాయలు కడిగిన నీళ్ళతో మిద్దె మీద కరివేపాకు, టమాటా పెంచే ఇల్లు కూడా ఇందులో లెక్కే.

అమెరికాలో ఉన్న మన సీమవాళ్ళ సంఘం చేయగలిగింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. అనంతపురం, కర్నూలు, కడపల్లో ఒక్కో ఊళ్ళో ఐదారు ఇళ్ళు చాలు. మే నెలలో ఒక ఆదివారం, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా. ఉదయం చల్లపూట పెట్టొద్దు, ఇంటి సంగతి తేలేది ఆ మూడు గంటల్లోనే. ప్రతి గదిలో ఒక థర్మామీటరు. ఇల్లు కట్టిన మేస్త్రీకి ఆ రోజు కూలీ ఇచ్చి పిలిపించాలి, చూడడానికి వచ్చినవాళ్ళు రేపు పని చేయించుకునేది ఆయనతోనే. సెప్టెంబరులో, మన వానలు జోరుగా పడే నెలలో, తొట్లు, గుంతలు చూపించడానికి ఇంకో రోజు. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ 1990లో బీడు నేలలో మొదలై ఇప్పుడు చెట్ల మధ్య ఉంది. దాన్ని చూసి వచ్చినవాళ్ళు, అది వాళ్ళకు సాధ్యమే, మనకెక్కడ అవుతుంది అంటారు. పక్క వీధి ఇంటి గురించి ఆ మాట అనడం కష్టం.

వచ్చే మేలో మా ఇల్లు తెరుస్తున్నాం. పోయినేడు మిద్దెకు సున్నం వేయించాం, అద్దం ముందు వెదురు తడికెలు కట్టించాం, కానుగ మొక్కలు ఇంకా నడుము ఎత్తుకు రాలేదు. అమ్మ ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. వచ్చినవాళ్ళను ముందు ఆ పడమటి హాలులోనే పావుగంట కూర్చోబెట్టాలంట, తడికెలు పైకి ఎత్తి.