రాజమండ్రిలో టమాటా నారుకి చలేస్తోందట!

మే నెల. రోడ్డు మీద తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది. మా అపార్ట్‌మెంట్‌లో ఒక రిటైర్డ్ పెద్దమనిషి మాత్రం టమాటా ట్రే కింద హీట్ మ్యాట్ పరిచారు. గింజ మొలవాలంటే వెచ్చదనం కావాలని వీడియోలో చెప్పారు మరి! ఆ వీడియో తీసినాయన కిటికీ బయట మంచు కురుస్తోంది. అది మనకెందుకు?

టమాటా గింజకి 25 నుంచి 30 డిగ్రీలు చాలు. ఆ కాస్త వేడి కోసం గోదావరి జిల్లాల్లో కరెంటు బిల్లు కట్టాలన్నమాట. కోనసీమలో గుట్టలుగా పడుండే కొబ్బరి పొట్టునే ఇటుకలా నొక్కితే, దాన్ని కొరియర్లో తెప్పించారు. నారున్న గదిలో ఫ్యాను తిప్పకూడదు. ట్రే మీద ప్లాస్టిక్ కవరు, దాని మీద దుప్పటి. చుట్టంచూపుగా వచ్చిన బావమరిదికి కూడా హెచ్చరికే: "మెల్లగా మాట్లాడవోయ్, మొలకొస్తోంది!" వాళ్ళావిడ పోపు వేస్తే ఆ ఘాటుకి మొక్కలు దగ్గుతాయేమోనని వంటింటి తలుపు మూయించారు.

మొలకలొచ్చాయి. వెలుతురు చాలక తెల్లగా సాగి కిటికీ వైపు మెడలు చాచాయి. "భలే ఎదుగుతున్నాయండీ!" అని అందరికీ ఫొటోలు పెట్టారు. ఆ తర్వాత మొదళ్ళు మెత్తబడి వరసగా ఒరిగిపోయాయి. నారుకుళ్ళు. తడెక్కువై గాలాడకపోతే ఆ కుళ్ళు తెచ్చే పిథియం అనే బూజుకి అంతకన్నా పండగ ఏముంది? ఆయన దాల్చినచెక్క పొడి చల్లారు. అదీ వీడియోలోదే. బస్సెక్కితే నర్సరీల ఊరు కడియం. నీడ వలల కింద నారు ఎలా పెరుగుతుందో ఎవర్నడిగినా చెప్తారు. అడిగితే కదా!

రెండో ట్రేలో అసలు మొలకే లేదు. ప్యాకెట్ మీద తేదీ కనబడకుండా ధర స్టిక్కరు అంటించి ఉంది. కొట్లో అడిగితే, "నీళ్ళెక్కువ పోసుంటారండీ" అన్నాడు. ధ్రువీకరించిన టమాటా విత్తనం నూటికి 70 మొలవాలి. ఇక్కడ ఒక్కటీ లేవలేదు!

ఈయనకేం పోయింది, ఇంకో వీడియో చూస్తారు. వరద తీశాక గోదావరి లంకలో కౌలుకి చేసే రైతుక్కూడా ఆ కొట్టువాడు ఇదే మాట చెప్తాడు. నారు పోసుకునే అదును దాటిపోతే ఆ కౌలు ఎవడు కడతాడు? నువ్వు కడతావా? చచ్చిన గింజ అమ్మి, పోసినవాడి చెయ్యి మంచిది కాదనడానికి సిగ్గు లేదూ? బిల్లడిగితే, "ఇంత చిన్న ప్యాకెట్టుకి బిల్లేంటండీ" అని నవ్వుతాడు. ఆ కాగితం లేకుండా రైతు ఏ ఆఫీసు మెట్లెక్కినా చెల్లదని వాడికి బాగా తెలుసు.