చీమల సుద్ద

మొన్న మా చిన్నోడి బడిలో పేరెంట్స్ మీటింగుకి వెళ్లాను. వాడి మార్కుల గురించి మాట్లాడుకునేది ఏమీ లేదు కాబట్టి నా చూపు చాక్‌పీసుల డబ్బా మీద పడింది. తెల్లవి నాలుగు, మధ్యలో కాస్త లావుపాటిది ఒకటి. తీయబోతే టీచరమ్మ, కొత్తల్లుణ్ణి పరిచయం చేసినంత మురిపెంగా, "అది చీమలది సార్!" అన్నారు.

ఇంత పొదుపు నేను ఏ శాఖలోనూ చూడలేదు. ఒకే డబ్బాలో అక్షరాలకి ఒక సుద్ద, చీమల్ని చంపే మందు సుద్ద ఒకటి. మరి తేడా ఎలా తెలుస్తుందండీ అన్నాను. "రాస్తే తెలిసిపోద్ది సార్, చీమలది సరిగ్గా పడదు." అంటే ముందు రాయాలి. రాశాక తుడవాలి. డస్టర్ దులపడానికి ముందు బెంచి పిల్లాణ్ణి పిలవాలి. వాడు కిటికీ దగ్గర దులిపితే గాలి ఆ పొడిని మళ్లీ లోపలికే కొడుతుంది. ఆపైన బెల్లు, ఆపైన అన్నం. మనం తినేది చేత్తోనే కదా! గీసినాయన లక్ష్మణుడైనా సీతమ్మ గీత దాటింది; చీమలు మాత్రం దాటవని మా బడి నమ్మకం. నిజంగానే దాటలేదు. చుట్టూ తిరిగి కిటికీలోంచి వచ్చాయి.

పెన్సిలు పట్టే సందుంటే చాలు, చిట్టెలుక దూరిపోతుంది. ఈ తలుపు కింద క్యారేజీయే దూరేలా ఉంది. ఓ రబ్బరు పట్టీ కొట్టించరాదా అంటే "ఎస్టిమేట్ పంపాం సార్" అన్నారు. ఎలుకల మందుకి ఎస్టిమేట్ అక్కర్లేదు, కిరాణా కొట్లో దొరుకుతుంది. దోమలకైతే పట్టపగలు, పిల్లల మధ్యే పొగ. ఎగిరే దోమ చస్తుంది, తొట్టిలోని పురుగు మాత్రం వారం తిరిగేసరికి దోమై లేస్తుంది. నిల్వ నీళ్లు పారబోయమనే 'శుక్రవారం డ్రై డే' పోస్టరు కిందే నీళ్లు నిలిచిన కుండీ ఉంది.

వంట సామాను గదిలోకి తొంగిచూశాను. బియ్యం బస్తాల పైన అరలో నూనె డబ్బా, దాన్ని ఆనుకునే ఎలుకల మందు.

ఇక నాకు నవ్వు రాలేదు. 2013 జులై 16న బిహార్‌లో, సారణ్ జిల్లా గండామన్ బడిలో, మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చచ్చిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు. ఆ మందు పోసిన డబ్బాలోనే నూనె పోశారన్నారు. ఆ వార్త చదవని మాస్టారు ఉన్నారా ఈ దేశంలో? చదివి కూడా విషాన్ని, అన్నాన్ని ఒకే అరలో పెడతారా? సిగ్గుండక్కర్లేదా?

ఆఫీసు గదిలో మూడు ఇనప బీరువాలున్నాయి, మూడింటికీ తాళాలు. ఒక్కటి ఖాళీ చేసి మందులు అందులో పెట్టి తాళం వేయమన్నాను.

హెడ్మాస్టరు గారు కంగారు పడిపోయారు. "అమ్మో, వాటిలో పాత అటెండెన్స్ రిజిస్టర్లున్నాయి సార్. బయట పెడితే ఎలుకలు కొట్టేస్తాయి. రేపు ఆడిట్‌లో ఎవరు జవాబు చెప్తారు?"