మహారాజశ్రీ బంగారం గారికి బరంపురం నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ బంగారం గారి సముఖానికి,

ఒడిశా రాష్ట్రం, గంజాం జిల్లా, బరంపురం నుంచి ఒక తెలుగింటి కోడలు రాసుకునే విన్నపం ఏమనగా...

ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం ప్రత్యేకంగా అడగక్కర్లేదు, ఊరంతా రోజూ వాకబు చేస్తూనే ఉంది. ఒడియావాళ్లు "ఆజి సునా దర కేతే?" అంటారు, మేం "రేటెంత?" అంటాం, ఆ తర్వాత నిట్టూర్పు మాత్రం అందరిదీ ఒకటే. గురిగింజ ఎత్తు కొనే స్తోమత లేనివాళ్లు కూడా మీరు పెరిగారంటే మురిసిపోతారు, తగ్గారంటే దిగులుపడతారు. 2025 ఏప్రిల్‌లో పది గ్రాములు లక్ష దాటిన రోజున మా మేడమీది వాటావాళ్లు ఇంట్లో కుర్రాడికి ప్రమోషన్ వచ్చినట్టు సంబరపడ్డారు. ఆ ఏడాదే వాళ్లకు కూతురి పెళ్లి చేయాల్సి ఉంది. కొనాల్సినవాళ్లకు ధర పెరిగితే సంబరమేమిటండీ? అదీ మీ మహిమ.

అసలు మీరు చేసే పనేమిటో తెలుసుకుందామని మీ గురించి వాకబు చేశాను. తుప్పు పట్టరు, నల్లబడరు. బాగుంది. కానీ మీతో నాగలి చేయలేం, గునపం చేయలేం. బంగారు కత్తని మెడ కోసుకోలేం కదా! మా ఊరికి దగ్గర్లోనే ఛత్రపూర్ ఉంది. అక్కడి సముద్రపు ఇసుకలో ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్, మోనజైట్ అనే ఖనిజాలు ఉన్నాయని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఏళ్ల తరబడి తీస్తోంది. గోడకు తెల్లరంగు వేయాలన్నా, నేల మీది పలకలు నున్నగా మెరవాలన్నా వాటి చలవే. పాపం, అన్నీ పనిచేసి బతికే రకాలు. ఏ పెళ్లికూతురైనా రూటైల్ హారం వేయలేదని అలిగిందా? ఏ మామగారైనా అల్లుడికి అరకిలో జిర్కాన్ పెట్టాడా?

మీరసలు ఈ భూమ్మీద పుట్టినవారే కాదట. చచ్చిన నక్షత్రాలు రెండు ఒకదాన్నొకటి గుద్దుకుంటే మీలాంటి బరువైన లోహాలు తయారవుతాయట. 2017లో అలాంటి గుద్దులాట ఒకటి శాస్త్రవేత్తల కంటబడింది. పుట్టుకే కొట్లాటలో అయితే ఆ తర్వాతి చరిత్ర వేరేగా ఎలా ఉంటుంది?

మా పెద్దలకు ఇది ముందే తెలుసు. కలిపురుషుడు తనకు ఉండటానికి చోటు చూపించమంటే పరీక్షిత్తు మహారాజు జూదం, మద్యం వంటి నాలుగు చోట్లు చూపించాడు. చాలవని మళ్లీ బతిమాలితే అయిదోదిగా మిమ్మల్ని చూపించాడు. కలి ఎంత తెలివైనవాడో చూడండి. జూదశాలలో కాపురముంటే ఎప్పటికైనా పోలీసులొస్తారు. మీలో ఉంటే అక్షయ తృతీయ నాడు పసుపు కుంకుమలు పెట్టి మరీ ఇంట్లోకి తెస్తారు.

లంకాదహనం గురించి కూడా నాకో అనుమానం ఉంది. లంకంతా మీరే కదా. మీరు 1064 డిగ్రీల దగ్గర కరుగుతారు కానీ కాలి బూడిద కారు. అంటే స్వామి తోకకు ఎంత నిప్పంటించినా, చల్లారాక రావణాసురుడు తన లంకను మళ్లీ పోతపోసుకునే ఉంటాడు. పోయిందల్లా కాస్త తరుగు. ఆ తరుగు లెక్క కట్టినవాడెవడో తెలిస్తే మా బజారు దుకాణదారు అతని కాళ్లకు మొక్కుతాడు.

తరుగు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. మా చిన్నాడపడుచు సీమంతానికి గాజులు చేయిస్తే నూటికి పన్నెండు చొప్పున తరుగు వేశారు, మజూరీ వేరే. అదెక్కడికి పోయిందని అడిగితే, "కోతలో, రాపిడిలో పోతుందమ్మా" అన్నాడు దుకాణదారు. పోతుంది సరే, పోయి ఎక్కడుంటుంది? కంసాలి కొట్లో నేల ఊడ్చిన దుమ్మును కూడా డబ్బిచ్చి కొనుక్కుపోయేవాళ్లున్నారు ఈ దేశంలో. అంటే పోయింది నా లెక్కలో, దొరికింది వాళ్ల లెక్కలో. సర్కారువారు 2023 ఏప్రిల్ నుంచి ప్రతి హాల్‌మార్కు నగకూ ఆరక్షరాల నంబరు ఉండాలన్నారు. మంచిదే, గాజుకూ గొలుసుకూ మనుషుల్లాగే గుర్తింపు వచ్చింది. తరుగుకు మాత్రం ఇంకా ఏ ముద్రా పడలేదు.

ఇంకో మాయ ఉంది. హారం కొనేటప్పుడు అందులో పొదిగిన రాళ్లూ, లోపలి లక్కా అన్నీ తమరి రేటుకే తూగుతాయి. అదే హారం తాకట్టుకు తీసుకెళ్తే రాయి రాయయిపోతుంది, లక్క లక్కయిపోతుంది. మొన్న మా పక్కింటి పిన్నికి తోడుగా ఒక గోల్డు లోను ఆఫీసుకు వెళ్లాను. వాళ్లాయన సూరత్‌లో మగ్గాల మీద పనిచేస్తాడు. మా గంజాంలో సగం పల్లెలు సూరత్ జీతం మీదే నడుస్తాయి కదా. మిల్లులో పని తగ్గి ఇంటికొచ్చినవాడు మళ్లీ బండెక్కాలంటే చేతిలో డబ్బుండాలి. కౌంటర్లో కుర్రాడు హారాన్ని గీటురాయి మీద గీసి, చుక్క యాసిడ్ వేసి, కళ్లు చికిలించి చూశాడు. తర్వాత కాటా మీద పెట్టి, కాలిక్యులేటర్ మీద ఏవేవో తీసేసి, "చాలదమ్మా, ఇంకేమైనా ఉందా?" అన్నాడు. పిన్ని పక్కకు తిరిగి, చీరకొంగు చాటున పుస్తెలు తీసి టేబుల్ మీద పెట్టింది. పర్సులోంచి పసుపుకొమ్ము కట్టిన దారం తీసి మెళ్లో వేసుకుంది. ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని వచ్చిందన్నమాట! కుర్రాడు తలెత్తలేదు. రోజూ ఎన్ని చూస్తాడో.

ఆ పుస్తెలు ఆమెవి. సంతకం ఆమెది. డబ్బు మాత్రం సూరత్ బండెక్కింది. వడ్డీ కట్టమని ఫోన్లు మళ్లీ ఆమెకే వస్తాయి.

మిమ్మల్ని స్త్రీధనం అంటారు. పుట్టింటివాళ్లు నాకు పెట్టిన ఆరు తులాలూ నావేనని చట్టమూ చెబుతుంది, మా నాన్నగారూ చెబుతారు. బీరువా నా గదిలోనే ఉంది. తాళం మా అత్తగారి నడుముకుంది. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఆవిడ నగల తాళం వాళ్లత్తగారి నడుముకు ఉండేదట, అంతే. పెళ్లికో పేరంటానికో నా గొలుసు నేనే వేసుకోవాలంటే ముందు అర్జీ పెట్టుకోవాలి, రాగానే తిరిగి అప్పగించాలి. ఆవిడ గొలుసును అరచేతిలో ఎగరేసి బరువు చూసి మరీ లోపల పెడతారు.

మాదేముంది లెండి, సాక్షాత్తూ పూరీ జగన్నాథుడికే తాళాల బాధ తప్పలేదు. మన తొలి ఏకాదశి నాడు ఆయన రథం మీద సునా బేష, అంటే బంగారు వేషం, కట్టుకుంటాడు. చేతులు లేని స్వామికి ఆ రోజు మీరే చేతులు, మీరే పాదాలు. 1460లో కపిలేంద్ర గజపతి దక్షిణాది మీద గెలిచి పదహారు బళ్ల నిండా మిమ్మల్ని తోలుకొచ్చి సమర్పించాడని ఇక్కడివాళ్లు గొప్పగా చెబుతారు. (ఆ బళ్లలో మా రాజమండ్రి, కొండవీడు సీమల సొమ్మెంతో ఎవరూ చెప్పరు. నేనూ అడగను, ఉండేది ఇక్కడే కదా!) అలాంటి స్వామి నగలుండే రత్నభండారం లోపలి గది తాళాలు కనిపించడం లేదని 2018లో బయటపడింది. తర్వాత ఎక్కడో ఒక కవరులో నకలు తాళాలు దొరికాయన్నారు. 2024 జులైలో తీరా తెరవబోతే అవి పట్టలేదు, తాళాలు పగలగొట్టాల్సి వచ్చింది. 1978 తర్వాత లెక్కే చూడని గది అది. ఆనాటి లెక్క ప్రకారం 12,831 భరీల (పాత తులాల) బంగారమని అసెంబ్లీలో చెప్పారు. జగన్నాథుడికి సొంత సొమ్ము చూసుకోవడానికి నలభై ఆరేళ్లు పట్టింది. నాకు పెళ్లై ఇంకా అన్నేళ్లు కాలేదు కాబట్టి ఆశ వదులుకోలేదు.

మా పిన్ని చేసిన పనే 1991లో దేశమూ చేసింది. దిగుమతులకు డాలర్లు లేక రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల మిమ్మల్ని విమానాల్లో లండన్ పంపి కుదువ పెట్టింది. అప్పుడు మాత్రం దేశం పరువు పోయిందని పేపర్లు గగ్గోలు పెట్టాయి. పిన్ని పుస్తెలు వెళ్తే ఎవరి పరువూ పోలేదు, కుటుంబ సర్దుబాటు అన్నారు.

మీ మీద సర్కారువారు తిరగబడకపోలేదు. 1963లో మొరార్జీ దేశాయ్ 14 క్యారెట్లకు మించి నగలు చేయకూడదని ఆంక్ష పెట్టారు. 1968లో చట్టమే తెచ్చారు. కంసాలుల కడుపు కాలింది, దొంగరవాణావాళ్ల పంట పండింది. 1990లో ఆ చట్టం పోయింది, మీరున్నారు. నిజంగా మీ పొగరు అణచిన మొనగాడు నాకు తెలిసి ఒక్కడే, మాలీ దేశపు రాజు మాన్సా మూసా. 1324లో మక్కా యాత్రకు పోతూ కైరోలో కనిపించినవాడికల్లా మిమ్మల్ని పంచాడు. దాంతో ఆ ఊళ్లో మీ విలువ పడిపోయి ఏళ్ల తరబడి కోలుకోలేదు. అలాంటి పుణ్యాత్ముడు బరంపురం మీదుగా ఒక్కసారి పోతే బాగుండు. ఇటు వచ్చేవాళ్లంతా స్పెయిన్ నుంచి పెరూ మీద పడ్డ పిజారో బాపతే. అక్కడి ‘ఇంకా’ జాతి రాజు అతహువాల్పా గది నిండా మిమ్మల్ని పోయించి తన ప్రాణం కొనుక్కోవాలనుకున్నాడు. పిజారో సొమ్మంతా లెక్కగా పుచ్చుకుని, 1533లో ఆయన పీక నొక్కించాడు. మా గోల్డు లోను ఆఫీసువాళ్లు నయం. కట్టేస్తే వస్తువైనా ఇస్తారు.

ఇప్పుడు మీరు మా వైపే దిగబోతున్నారని వింటున్నాను. 2025లో ఒడిశాలో బంగారం ఉన్న జిల్లాలంటూ చెప్పిన పేర్లలో మా దక్షిణ ఒడిశాలోని కొరాపుట్, నవరంగపూర్ కూడా వినబడ్డాయి. ఇరుగుపొరుగు అప్పుడే సంబరాలు మొదలెట్టారు. నాకు కోలారు గుర్తొచ్చింది. 1880 నుంచి తవ్వి, మూడు కిలోమీటర్ల లోతు దాకా మనుషుల్ని దింపి, గిట్టుబాటు కాదని 2001 ఫిబ్రవరిలో గేటు మూసేశారు. సైనైడ్ దిబ్బలు అక్కడే ఉన్నాయి, మీరే లేరు. మా కొండల వాళ్లు కట్టుకున్న నూలుచీరలతో, వేసుకున్న పూసలతో బాగానే ఉన్నారు. వీలైతే ఆ కొండల కింద ఇంకొన్ని కోట్ల ఏళ్లు నిద్రపొండి. మిమ్మల్ని నేల తవ్వి తీయడం, మళ్లీ బ్యాంకు నేలమాళిగలో పెట్టి తాళం వేయడం, ఈ మధ్యలో ఇంత హడావిడి ఎందుకో మీరైనా చెప్పగలరా?

ఇక అసలు సంగతికి వస్తాను. వచ్చే మాఘంలో మా పెద్దాడపడుచు కూతురి పెళ్లి. పర్లాకిమిడి సంబంధం. కుర్రాడు బుద్ధిమంతుడే, కట్నం వద్దన్నాడు. వాళ్లమ్మగారు మాత్రం "మాకేమీ వద్దు, మీ పిల్లకు మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం" అన్నారు. ఆ ఇష్టం ఇరవై తులాలట. పెళ్లిలో అందరం వేసుకునేది మీ జూనియర్ ఆర్టిస్టు వన్ గ్రామ్ గోల్డ్ గారినే, మీరు లాకర్లోంచి కదలరు. అయినా ఇరవై తులాలు మాత్రం ఉండి తీరాలి. పదకొండు నెలల స్కీములో కట్టిన డబ్బు కట్టినట్టే ఉంది, మీరు మాత్రం నెల నెలా పైకి పాకుతున్నారు. దయచేసి మాఘం దాకా కాస్త తగ్గి ఉండండి. పెళ్లయ్యాక మీ ఇష్టం, ఎంతైనా పెరగండి, అప్పుడు మేమూ సంబరపడతాం.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఆరు తులాల హక్కుదారు.

తా.క.: జవాబు రాస్తే నా పేరున రాయకండి, అత్తగారి పేరున రాయండి. ఎలాగూ ముందు ఆవిడే చించి చదువుతారు, కనీసం కవరు మీది పేరైనా సరిగ్గా ఉంటుంది.