బెల్లం టీ డాక్టర్లు

నెల్లూరు నుంచి ఒంగోలు పోయే హైవే మీద వైద్యశాస్త్రం ఎంత ముందుకు పోయిందో మన డాక్టర్లకు ఇంకా కబురందినట్టు లేదు. కావలి దాటాక ఒక టీ బంకు ముందు ఫ్లెక్సీ కట్టారు: 'స్వచ్ఛమైన బెల్లం టీ. షుగరు ఉన్నవాళ్లు కూడా తాగవచ్చు.' ఇన్సులిన్ కనుక్కున్నందుకు బాంటింగుకు 1923లో నోబెల్ ఇచ్చారు. మన టీ మాస్టరుకు గ్లాసుకు ఐదు రూపాయలు ఎక్కువ గిట్టడం తప్ప ఏ గౌరవమూ దక్కలేదు.

ఆ బంకు దగ్గర సాయంత్రమైతే ఒక పెద్దాయన కొలువు తీరుతాడు. షుగరొచ్చి పదేళ్లయింది కాబట్టి పదేళ్ల ప్రాక్టీసున్న డాక్టరు కింద లెక్క. పక్కన ఎవరైనా చక్కెర టీ అడిగితే చాలు, "ఏందబ్బాయా, అది తెల్ల విషం గదా! బెల్లం తాగు, ఐరన్ ఉంటది" అంటాడు. మాస్టరు బెల్లం పొడి వేస్తాడు. చప్పగా ఉందని ఇంకో చెంచా వేయిస్తాడు. ఐరన్ చాలలేదేమోనని రెండో గ్లాసు. పెళ్లి విందులో మలై కాజా వస్తే విస్తరికి చెయ్యి అడ్డం పెడతాడు, నిగ్రహమంటే అదీ. పూర్ణం బూరెలు రాగానే చెయ్యి తీసేస్తాడు. బెల్లం గదా! ఉలవపాడు మామిడిపండ్లకైతే అసలు అభ్యంతరమే లేదు, అవి దేవుడు చేసినవి.

బెల్లంలో ముప్పాతిక వంతుకు పైగా ఉండేది ఆ చక్కెరే. రంగు చూసి ఆపే చెక్‌పోస్టు ఒంట్లో ఎక్కడా లేదు.

పరీక్షకు ముందు రెండు రోజులు ఆయన నిష్ఠగా కడుపు మాడ్చుకుంటాడు. ఫాస్టింగు 118 రాగానే కాగితం బంకంతా తిప్పి, మాత్రలు మానేస్తాడు. ఈసారి కోడలు హెచ్‌బీఏ1సీ చేయించింది. అది రక్తంలో చక్కెరకు రెండు మూడు నెలల సగటు చెబుతుంది, రెండ్రోజుల నిష్ఠకు లొంగదు. 6.5 వచ్చినా షుగరే, ఈయనకు పది దాటింది. ల్యాబులో మిషను పాడయిందట!

తన ఒళ్లు తన ఇష్టం అనుకుందామంటే, ఈయన మాట విని మాత్రలు మానేసినవాళ్లున్నారు. ఏళ్ల తరబడి షుగరు అదుపులో లేకపోతే కాళ్లకు స్పర్శ తగ్గిపోతుంది, ముల్లు దిగినా తెలియదు. పుండు కుళ్లి వేలు తీసేయాల్సి వస్తే, డబ్బుకోసం కోసేశారని డాక్టర్ని తిడతారు.

దీన్నయినా భరించవచ్చు. ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాని టైప్ 1 షుగరున్న పిల్ల తల్లితో "ఇన్సులిన్ అలవాటైతే వదలదమ్మా, ఆపేసి కషాయం పట్టు" అంటారే, ఆ నోళ్లను ఏం చేయాలి? 1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చేదాకా ఈ జబ్బొచ్చిన పిల్లలు చచ్చిపోయేవాళ్లు. అది అలవాటు కాదయ్యా, ఊపిరి! ఆపితే రోజుల్లోనే వాంతులు, ఆయాసం పట్టుకుని పిల్ల స్పృహ తప్పుతుంది. అప్పుడు 108కి ఫోన్ చేసేది ఆ తల్లే. సలహా ఇచ్చినాయన ఫోను ఎత్తడు.