సహనం గారికి బహిరంగ లేఖ

సహనం గారూ,

ఉభయకుశలోపరి. మిమ్మల్ని నేను వాడి చాలాకాలమైంది కాబట్టి అరిగిపోయి ఉండరు, కులాసాగానే ఉన్నారనుకుంటాను. నా సంగతి మీకు తెలుసుగా. ఎవరి మాటైనా ఓపిగ్గా వింటాను, నా మాటలాగే ఉంటే.

మొన్న మా బావతో వాదన పడింది. దేని గురించన్నది వదిలేయండి. నాది న్యాయం, ఆయనది అన్యాయం, అంతే. ఆయన మొదటి రెండు పాయింట్ల దాకా మీరు నా పక్కనే ఉన్నారు. మూడోదానికి నా దగ్గర జవాబు లేదు. సరిగ్గా అప్పుడే నాకు తత్వవేత్త కార్ల్ పాపర్ గుర్తొచ్చాడు. 1937లో వియన్నా వదిలి న్యూజీలాండ్ వెళ్ళిపోయినాయన. హద్దు లేని సహనం చివరికి సహనాన్నే మింగేస్తుందని 1945లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. "నీలాంటి అసహనపరుడి మాట వినకూడదని పాపరే చెప్పాడు" అంటూ లేచాను.

బావ చెయ్యి పైకెత్తాడు. ఇదిగో, పిడికిలి! అనుకున్నాను. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తాపీగా తుడుచుకుని, "చదివావా ఆ పుస్తకం?" అన్నాడు.

చదవలేదండీ. తర్వాత వెతికాను. ఆ ముక్క పుస్తకం వెనకాల, ఏడో అధ్యాయం నోట్సులో ఉంది. దాని పక్కనే, వాదించి ఎదుర్కోగలిగినంత కాలం ఎదుటివాడి నోరు మూయించడం తెలివైన పని కాదనీ ఉంది. పాపర్ భయమంతా అసలు వాదనే వినొద్దనేవాళ్ళ గురించి, పిడికిళ్ళతో, పిస్తోళ్ళతో బదులిచ్చేవాళ్ళ గురించి. ఆ రోజు గదిలో వాదన విననని లేచింది ఎవరో మీరు చూశారు. దయచేసి బయట చెప్పకండి.

నాకు తోడు ఇంగ్లండ్ సేనాని క్రామ్వెల్ ఉన్నాడు లెండి. మీరు పొరబడి ఉండొచ్చేమో ఆలోచించండని 1650లో స్కాట్లాండ్ మతపెద్దలకు బతిమాలుతూ రాసి, నెల తిరిగేసరికి డన్‌బార్ దగ్గర వాళ్ళ సైన్యాన్ని చితక్కొట్టాడు. పొరబడే ఛాన్సు ఎప్పుడూ అవతలివాళ్ళకే.

నిజంగా పిడికిలి ఎత్తినవాడికి మిమ్మల్ని అప్పగించమని నేననను. అక్కడ మీరు తప్పుకోవాల్సిందే. నా బాధల్లా, మీరు తలకిందులుగా పనిచేస్తున్నారు. బల్ల గుద్ది అరిచే మా మేనేజర్ ముందు చేతులు కట్టుకుని నిలబడతారు. కళ్ళజోడు తుడుచుకునే మనిషి దగ్గర మాత్రం కనబడరు.

ఆదివారం బావ మళ్ళీ వస్తున్నాడు. మూడో పాయింటుకి జవాబు ఇంకా దొరకలేదు. వీలు చూసుకుని కాస్త ముందే రండి. నేను కుర్చీలోంచి లేవబోతే చొక్కా పట్టి కూర్చోబెట్టండి.

ఇట్లు,
మీవాడే