కుటుంబాన్ని కూల్చేది దాచిపెట్టి చేసే పెళ్లి

స్వలింగ వివాహానికి చట్టబద్ధత అన్న మాట వినబడగానే మన దగ్గర చర్చ ఒకే వాక్యంతో మొదలై అదే వాక్యంతో ముగుస్తుంది: కుటుంబ వ్యవస్థ కూలిపోతుంది. ఎలా కూలిపోతుందో చెప్పమంటే ఎవరూ చెప్పరు. పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదని 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి, విషయాన్ని చట్టసభలకు వదిలేసింది. పునఃసమీక్ష పిటిషన్లను 2025 జనవరిలో కొట్టేసింది. ఆ కేసులో ముందు నిలిచిన పిటిషనర్లు సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ మన హైదరాబాద్ జంటే. ఈ కథంతా పాఠకులకు తెలిసిందే. నాకు మింగుడుపడనిది విచారణలో కేంద్రం అన్న ఒక మాట. ఇదంతా నగరాల్లోని ఉన్నత వర్గాల ఆలోచనట. ఊళ్లకూ సామాన్యులకూ దీనితో సంబంధం లేదట.

ఆ మాట రాసినవారు ఎవరో గానీ, శ్రీరామనవమి నాడు ఒక్కసారి కూడా వేములవాడ వచ్చి ఉండరు.

రాజన్న గుడి శైవ క్షేత్రం. అక్కడ సీతారాముల కల్యాణం జరగడమే ఒక విశేషం. ఆ ముహూర్తానికే శివపార్వతులు అని పిలిచే శివభక్తులు తమ పెళ్లి తాము చేసుకోవడం అంతకన్నా విశేషం. జోగినులు, హిజ్రాలు వందలుగా వస్తారు. నుదుట బాసింగం, చేతిలో త్రిశూలం, భుజాన జోలె. పురోహితుడి మంత్రం మైకులో వినబడుతుండగా ఒకరి మీద ఒకరు తలంబ్రాలు పోసుకుంటారు. రాజన్నే వాళ్ల మొగుడు. కోడె మొక్కు తీర్చుకోవడానికి కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, వరంగల్ పల్లెల నుంచి పిల్లాపాపలతో వచ్చిన సంసారులు ఆ గుంపులోనే నిలబడి ఇదంతా చూస్తారు. చూసి ఇంటికి పోయి వండుకు తింటారు. దానివల్ల ఏ కాపురమూ చెడినట్టు ఎవరూ చెప్పగా వినలేదు.

ఇది స్వలింగ వివాహం కాదని నాకు తెలుసు. దేవుడికి ఇచ్చిన ఆడపిల్లల పేరిట మన ప్రాంతంలో ఎంత దుర్మార్గం సాగిందో, జోగిని వ్యవస్థను నిషేధిస్తూ 1988లో చట్టం ఎందుకు తేవలసి వచ్చిందో కూడా తెలుసు. ఆ ఆచారాన్ని పొగడాలన్న ఉద్దేశం నాకు లేదు. కానీ మొగుడు, పెళ్లాం అన్న రెండు గడుల్లో ఇమడని మనుషులు మన పల్లెకు కొత్త కాదు. పల్లె వాళ్లకు మొక్కింది, వాళ్లను వాడుకుంది, ఎగతాళి చేసింది. బెంబేలెత్తింది మాత్రం సర్కార్లే. 1860లో శిక్షాస్మృతిలో స్వలింగ సంబంధాన్ని నేరం చేసిన సెక్షన్ 377 రాసుకున్నది బ్రిటిష్ ప్రభుత్వం. హిజ్రాల పేర్లు రిజిస్టరుకెక్కించి, ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా పట్టుకోవచ్చని 1329 ఫసలీలో, అంటే 1919లో, చట్టం చేసింది నిజాం ప్రభుత్వం. మొదటిదాని కోరలను సుప్రీంకోర్టు 2018లో పీకింది. రెండోదాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసింది. మన సంప్రదాయం అని ఇవాళ గుండెలు బాదుకుంటున్న భయంలో సగం ఈ రెండు దస్తరాల నుంచి వచ్చిందే.

ఎదుటి వాదనలో బలమైన ముక్క ఒకటుంది. మన దగ్గర పెళ్లంటే ఇద్దరి ఇష్టంతో అయిపోదు, అది రెండు ఇళ్ల వియ్యం. వంశం, ఆస్తి, ముసలితనంలో ఆసరా అన్నీ దాని మీదే నిలబడ్డాయి, దాన్ని కదిలిస్తే అన్నీ కదులుతాయి అంటారు. నిజమే, వియ్యమే. ఇద్దరు అబ్బాయిల తల్లిదండ్రులు వియ్యంకులైతే ఆ వియ్యానికి వచ్చిన లోటేమిటి? పిల్లలు పుట్టరంటారా, పిల్లలు లేని దంపతుల పెళ్లి చెల్లదని ఏ పెద్దమనిషీ ఇంతవరకు తీర్పు చెప్పలేదు. నేపాల్‌లో 2023 నుంచి ఇలాంటి పెళ్లిళ్లు రిజిస్టరవుతున్నాయి, థాయిలాండ్‌లో 2025 జనవరి నుంచి చట్టమే ఉంది. అక్కడ తల్లులు తల్లులుగానే ఉన్నారు.

ఇక అసలు సంగతి. స్వలింగ వివాహం లేని చోట స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్లు పెళ్లి లేకుండా ఉండిపోతారని మనం అమాయకంగా అనుకుంటాం. ఉండనివ్వరు. పెళ్లి చేస్తారు. ఆడపిల్లతో.

ఆ పెళ్లి ఎలా జరుగుతుందో కాస్త దగ్గరి నుంచి చూడండి. అబ్బాయికి ముప్పై దగ్గర పడుతుంటాయి. వచ్చిన ప్రతి సంబంధానికీ ఏదో ఒక వంక పెడుతుంటాడు. తల్లికి ఏదో అర్థమై ఉంటుంది, తండ్రికి చెప్పదు. ఫోను చూసిన తమ్ముడికి ఇంకాస్త ఎక్కువే అర్థమై ఉంటుంది, వాడూ చెప్పడు. పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయని మేనత్త తేల్చేస్తుంది. అంతకుముందే తాయెత్తు కట్టించి ఉంటారు, లేదా ‘మార్చేస్తాం’ అని డబ్బు గుంజే క్లినిక్కుకు తిప్పి ఉంటారు. అలా మారుస్తామనడం వైద్యుడి వృత్తికి తగని నడవడి అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. ఆ కబురు మన ఊళ్లదాకా రాలేదు.

ఇక అటువైపు అమ్మాయి. హుజూరాబాద్ దగ్గరో పరకాల దగ్గరో డిగ్రీ అయి ఇంట్లో ఉంటుంది. అబ్బాయికి పొలం ఎంత, ఉద్యోగం పర్మినెంటా కాంట్రాక్టా, తాగుతాడా, అప్పులున్నాయా అని ఆమె మేనమామ రెండు ఊళ్లు తిరిగి వాకబు చేస్తాడు. ఈ ఒక్క సంగతి అడగడు. అడగాలన్న ఊహే ఆయనకు రాదు. కట్నానికి ఎకరం అమ్ముతారు. పెళ్లవుతుంది. మొదటి నెల అతనికి సిగ్గేమో అనుకుంటుంది. మూడో నెలకు లోపం తనలోనే ఉందేమోనన్న అనుమానం పట్టుకుంటుంది. ఆరో నెల నుంచి అత్త ‘ఏమన్నా విశేషమా’ అని అడగడం మొదలుపెడుతుంది. పరీక్షలకు తీసుకెళ్లేది కోడలినే. ఒడిబియ్యానికి పుట్టింటికి వెళ్తుంది, అమ్మ ముఖం చూసి నోరు మెదపదు. అమ్మిన ఎకరం గుర్తొస్తుంది కదా. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు అయితే అబ్బాయికి ఇంకో దారి ఉంది, గల్ఫ్ వీసా. అతను దుబాయిలో ఊపిరి పీల్చుకుంటాడు. ఆమె ఇక్కడ అత్తామామలకు వండిపెడుతూ, భర్త రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చినప్పుడల్లా భయపడుతూ ఉంటుంది.

బయటపడితే పెద్దమనుషుల పంచాయతీ. అక్కడ తెగకపోతే ఫ్యామిలీ కోర్టు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 12 కింద పెళ్లి రద్దు చేయమని ఆమె అడగవచ్చు. దానికి రెండు దారులు. అతను నపుంసకుడు కాబట్టి కాపురం జరగలేదని చెప్పాలి, లేదా తన సమ్మతిని మోసంతో తీసుకున్నారని చెప్పాలి. మొదటిది చాలాసార్లు నిజం కాదు. రెండోదానికి గడువుంది, మోసం తెలిసిన ఏడాదిలోపే పిటిషన్ వేయాలి. తెలిసిన తరువాత కూడా ఇష్టపూర్వకంగా భార్యగా కలిసి ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. ఇరవై మూడేళ్ల పిల్ల, ‘కొన్నాళ్లు ఓపిక పట్టు బిడ్డా’ అని ఇంట్లో అందరూ నూరిపోస్తుంటే, ఏడాదిలోపు వకీలును వెతుక్కోవాలి. ఓపిక పట్టిందా, చట్టం ఆమె చేయి వదిలేస్తుంది. అప్పుడిక మిగిలేది విడాకులు. ‘మొగుణ్ని వదిలేసిన ఆడది’ అన్న పేరు ఆమెకు, మళ్లీ సంబంధాలు అతనికి.

ఆ అబ్బాయిలందరూ దుర్మార్గులని నేను అనను. కొందరు ఉంటారు, కట్నం తీసుకొని ఏమీ ఎరగనట్టు నటించేవాళ్లు. ఎక్కువమంది భయపడ్డవాళ్లే. అమ్మ ఉరిపోసుకుంటానంటే తలవంచి పీటల మీద కూర్చున్నవాళ్లు. వాళ్ల బతుకూ బుగ్గిపాలే. కానీ ఈ చర్చలో వాళ్ల పేరైనా వినబడుతుంది. ఆ భార్యల గోడు ఎవరికీ పట్టదు. కుటుంబ విలువల కోసం స్వలింగ వివాహం వద్దంటున్న ప్రతి పెద్దాయననూ ఒకటే అడుగుతున్నాను: మీ అబ్బాయికి అబ్బాయితో పెళ్లి వద్దంటున్నారు సరే, మరి ఎవరి అమ్మాయిని అడుగుతున్నారు? తెలిసి తెలిసి మీ బిడ్డను ఇస్తారా?

ఇద్దరు ఆడపిల్లల కథ దీనికి తిరగేసిన రూపం. వాళ్లకు పారిపోవడమే మిగులుతుంది. తప్పిపోయిందని ఫిర్యాదు, పోలీసులు వెతికి తేవడం, మేజరని కార్డు చూపించినా కౌన్సెలింగ్ పేరిట పుట్టింటికి అప్పగించడం, ఆ వెంటనే ఎవరో ఒకరికి కట్టబెట్టడం. అలా ఇంట్లో బంధించిన ఒక యువతిని విడిపిస్తూ మద్రాసు హైకోర్టు 2025 మేలో ఒక మాట చెప్పింది. కుటుంబం ఏర్పడటానికి పెళ్లి ఒక్కటే దారి కాదని, మనుషులు ఎంచుకుని కట్టుకున్న కుటుంబం కూడా కుటుంబమేనని. ఆ తీర్పు ఇచ్చిన ఇద్దరు న్యాయమూర్తులలో ఒకరు జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్. ఆయనను సంప్రదాయ విరోధి అని ఎవరైనా అంటే నవ్వుతారు.

సంప్రదాయం అన్నారు కాబట్టి మేనరికం సంగతి కూడా చెప్పుకోవాలి. అక్క కూతుర్ని తమ్ముడు చేసుకోవడం మన ఇళ్లలో నిన్న మొన్నటిదాకా మురిపెంగా జరిగిన పెళ్లి. ఉత్తరాదిలో చెబితే చెవులు మూసుకుంటారు. 1955లో హిందూ వివాహ చట్టం రాసినప్పుడు దగ్గరి రక్తసంబంధాల పెళ్లిళ్లను నిషేధించి, ఆచారం ఒప్పుకుంటే తప్ప అని మినహాయింపు పెట్టారు. ఆ మినహాయింపు మనలాంటివాళ్ల కోసమే. దేశంలో సగానికి పాపమనిపించే పెళ్లికి చట్టంలో చోటిచ్చారు, ఏ కుటుంబమూ కూలలేదు. ఆ చట్టానికి మూలమైన హిందూ కోడ్ బిల్లును చూసి, విడాకులు వస్తే హిందూ కుటుంబం ముక్కలవుతుందని గగ్గోలు పెట్టారు. విసిగిపోయిన అంబేడ్కర్ 1951లో మంత్రి పదవికి రాజీనామా చేశారు. భయం పాతదే, వేషం కొత్తది.

విలువల మీద అంత బెంగ ఉన్నవాళ్లు సోమవారం ఉదయం ఏ కలెక్టరేటుకైనా రండి, హనుమకొండ అయినా కరీంనగర్ అయినా. ప్రజావాణి వరుసలో ప్లాస్టిక్ కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముసలివాళ్లను చూడండి. కవరులో పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సు, కొడుకు పేర రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ నకలు, బయట అరుగు మీద ఎవరితోనో రాయించిన దరఖాస్తు. భూమి చేతులు మారింది, అన్నం ఆగిపోయింది. ఆ కొడుకులందరూ అగ్ని చుట్టూ ఏడడుగులు వేసి, ఆడపిల్లనే పెళ్లి చేసుకుని, మనవళ్లను కూడా ఇచ్చినవాళ్లే. తల్లిదండ్రుల పోషణకు 2007లో చట్టం తేవలసి వచ్చింది. పోషిస్తామని రాయించుకుని మాట తప్పితే ఆ దస్తావేజును రద్దు చేయవచ్చని దాని సెక్షన్ 23 చెబుతుంది, సుప్రీంకోర్టు 2025 జనవరిలో దాన్ని మళ్లీ గట్టిగా నిలబెట్టింది. అదీ చాలలేదు. కన్నవాళ్లను చూడని ప్రభుత్వ ఉద్యోగుల జీతంలో కోత వేసి ఆ సొమ్ము తల్లిదండ్రుల ఖాతాలో వేసేలా చట్టం తెస్తామని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి 2025 అక్టోబరులో చెప్పవలసి వచ్చింది. మన కుటుంబంలో విలువ అంటే చాలావరకు గుంటల్లో, ఎకరాల్లో కొలిచే విలువే. కొడుకే కావాలనడం, కట్నం, ఆడబిడ్డ వాటా ఎగ్గొట్టడం, ముసలితల్లిని వాయిదాల మీద అన్నదమ్ములు పంచుకోవడం అన్నింటి వేరూ అక్కడే ఉంది. దీని మీద ఒక్క ధర్నా జరగదు. ఎక్కడో ఇద్దరు అబ్బాయిలు దండలు మార్చుకుంటే మాత్రం టీవీ చర్చలు.

ఇక్కడే మన శాసనసభ గుర్తొస్తుంది. పెళ్లి, వారసత్వం ఉమ్మడి జాబితాలో 5వ అంశం. కేంద్రం కదలకపోతే రాష్ట్రం చట్టం చేయవచ్చు, కేంద్ర చట్టంతో పొసగని చోట రాష్ట్రపతి ఆమోదం తీసుకోవచ్చు. ఇది ఊహ కాదు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అక్కాచెల్లెళ్ల మీద ప్రేమ పోతుందని అప్పుడూ అన్నారు. ఢిల్లీకి ఆ బుద్ధి పుట్టడానికి 2005 దాకా పట్టింది.

పెళ్లి చట్టం దాకా పోవడానికి ఎమ్మెల్యేలకు ధైర్యం చాలదనుకుందాం. చిన్న పనులున్నాయి. స్వలింగ జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవవచ్చని, భాగస్వామిని నామినీగా పెట్టుకోవచ్చని కేంద్రమే 2024 ఆగస్టులో స్పష్టం చేసింది. రేషన్ కార్డు కోసం వాళ్లను ఒకే ఇంటివాళ్లుగా లెక్కించమని కూడా రాష్ట్రాలకు చెప్పింది. బియ్యం దగ్గర కుటుంబం అయినవాళ్లు ఆసుపత్రి మంచం దగ్గర పరాయివాళ్లు ఎందుకు కావాలి? ఆరోగ్యశ్రీలో, ప్రభుత్వ ఉద్యోగుల హెల్త్ కార్డులో భాగస్వామి పేరు చేర్చడానికి పార్లమెంటూ అక్కర్లేదు, రాష్ట్రపతి సంతకమూ అక్కర్లేదు. ఒక జీవో చాలు.